కుక్కపిల్లకు కోచింగ్

నా జీవితంలో ఎక్కువ భాగం పరీక్షల చుట్టూనే తిరిగింది. డిగ్రీ అయ్యాక ఒంగోలు నుంచి రైలెక్కి ఢిల్లీ వచ్చి, ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని గదిలో కూర్చుని సివిల్స్‌కు చదివాను. ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్ రాశాను, ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అవకాశాలన్నీ అయిపోయాక, అలాంటి పరీక్షలకే పాఠాలు తయారుచేసే ఒక కంపెనీలో చేరి నోయిడాలో స్థిరపడ్డాను. పరీక్షలు నన్ను వద్దనుకున్నా నేను వాటిని వదల్లేదన్నమాట.

మా ఆవిడవి ఇంకో రకం పరీక్షలు. ఆమెది కరీంనగర్. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రామును అటు నొక్కి ఇటు నొక్కి, అది ఎక్కడ చతికిలపడుతుందో కనిపెట్టి, మొహమాటం లేకుండా చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంట్లో కూడా అంతే. కొత్త కుక్కర్ కొంటే ముందు ఉత్త నీళ్లు పోసి విజిల్ వేయించి చూడందే అందులో బియ్యం పొయ్యదు. ఇలాంటి ఇద్దరి ఇంట్లోకి ఒక కుక్కపిల్ల రావాలంటే, పరీక్ష రాయకుండా ఎలా వస్తుంది?

అసలు మాకు కుక్కల మీద పెద్ద మోజేమీ లేదు. మా అమ్మాయి కోసం ఆ ఆలోచన చెయ్యాల్సి వచ్చింది.

మేముండేది ఎత్తైన టవర్లున్న ఒక సొసైటీలో. గేటు లోపలా బయటా కుక్కలు తిరుగుతుంటాయి. ఎండాకాలం కార్ల కింద పడుకుంటాయి, చలికాలం ఎవరో తొడిగిన పాత స్వెట్టర్లతో తిరుగుతాయి. వాటికి రొట్టెలు పెట్టేవాళ్లూ ఉన్నారు, వాటిని పంపించెయ్యాలని వాట్సాప్ గ్రూపులో ఒకరి మీద ఒకరు విరుచుకుపడేవాళ్లూ ఉన్నారు. మేము ఏ పక్షంలోనూ లేం. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం రెండు గుంపుల కుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పార్కులోంచి దూసుకొచ్చి, అప్పుడే బడి బస్సు దిగిన పిల్లను కిందపడేసి పోయాయి. ఏదీ కరవలేదు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఆ గాయం వారంలో మానిపోయింది. భయం మాత్రం మానలేదు.

ఆ రోజు నుంచి పార్కు బందయింది. సైకిలు బాల్కనీలోకి చేరి దుమ్ము పట్టింది. పక్క టవర్లో స్నేహితురాలి పుట్టినరోజుకు కొత్త గౌను వేసుకుని, బహుమతి పట్టుకుని లిఫ్టులో కిందికి దిగి, ఎక్కడో దూరంగా పడుకున్న కుక్కను చూసి, మళ్లీ లిఫ్టెక్కి పైకి వచ్చేసింది. పొద్దున బడికి తయారయ్యే వేళకు కడుపునొప్పి వచ్చేది. అది దొంగ నొప్పి కాదు, నిజంగానే మెలికలు తిరిగిపోయేది. ఎనిమిదేళ్ల పిల్లకు లోకమంతా మా ఫ్లాటు, లిఫ్టు, కింది అంతస్తు వరండా దగ్గరే ఆగిపోయింది. ఢిల్లీ అయినా నోయిడా అయినా కుక్క లేని సందంటూ ఉండదు. ఇది ఇలాగే ముదిరితే పిల్ల రేపు ఎలా బతుకుతుందని నాకు దిగులు పట్టుకుంది.

బడిలో పిల్లల సమస్యలు చూసే మేడమ్ ఉంది. ఆమెను అడిగితే, మెత్తటి స్వభావం ఉన్న కుక్కపిల్లను ఇంట్లో పెంచుకుంటే భయం మెల్లగా తగ్గవచ్చని చెప్పింది. వెంటనే ఇంకో మాట కూడా అంది. పిల్లను బెదరగొట్టే రకం కుక్క గనక ఇంట్లోకి వస్తే, ఇప్పుడున్న భయం రెండింతలవుతుందట. ఎంచుకోవడంలో తప్పు చేసేకంటే అసలు తెచ్చుకోకపోవడమే మేలని హెచ్చరించి పంపింది.

నేను ఆ రెండో మాట విని వెనక్కి తగ్గాను. మా ఆవిడకు అదే మాట విని హుషారొచ్చింది. తప్పు చెయ్యకుండా ఎంచుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రాత్రి నుంచి ఫోన్లో వీడియోలు చూసి, వ్యాసాలు చదివి, కుక్కపిల్లలకు టెంపరమెంట్ టెస్ట్ అనేదొకటి ఉందని తేల్చింది. కళ్లు తెరిచి, కాస్త గట్టిగా నడవడం వచ్చిన వయసులో ఈ స్వభావ పరీక్ష పెడతారట. కుక్కపిల్లను ఎప్పుడూ చూడని చోట వదలాలి. ఎప్పుడూ చూడని మనిషి పిలవాలి, వస్తుందా రాదా చూడాలి. ఆ మనిషి నడిచిపోతుంటే వెంటపడుతుందా చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి మెల్లగా పట్టుకుంటే గింజుకుంటుందా, కాసేపటికి ఊరుకుంటుందా చూడాలి. పక్కన ఒక పళ్లెం కిందపడేసి, ఆ చప్పుడుకు ఎంత బెదురుతుందో, ఎంతలో తేరుకుంటుందో చూడాలి. ఇవన్నీ అన్నాల దగ్గర మాకు పూసగుచ్చినట్టు చెప్పింది. మా అమ్మాయి అన్నం కలుపుతూ వింటోంది. వినడం లేదనుకున్నాం.

కుక్కపిల్లలు ఎక్కడో కాదు, మా టవర్లోనే ఉన్నాయి. కింది అంతస్తులో ఒక పంజాబీ ఆంటీ ఒంటరిగా ఉంటుంది. బళ్లో హిందీ టీచరుగా చేసి రిటైరైంది. మా అమ్మాయి రోజూ సాయంత్రం ఆమె దగ్గరకు హిందీ హోంవర్కు చేసుకోవడానికి వెళ్లేది. లిఫ్టు దిగితే ఎదురుగానే ఆమె తలుపు, కాబట్టి అక్కడికి మాత్రం భయం లేకుండా వెళ్లేది. ఆ మధ్య బేస్‌మెంటులో ఒక వీధికుక్క ఈని, పిల్లలను వదిలి ఎటో పోయింది. ఆంటీ వాటిని తెచ్చి సీసాతో పాలు పట్టి బతికించింది. ఒకటి నల్లది, ఒకటి మచ్చలది, ఒకటి గోధుమరంగుది. మూడూ ఆమె బాల్కనీలో ఉండేవి. గదికీ బాల్కనీకీ మధ్య ఇనుప జాలీ తలుపు ఉండేది. జాలీ తలుపు వేసి ఉంటేనే లోపలికి వస్తానని మా అమ్మాయి షరతు పెట్టిందని ఆంటీ మాతో నవ్వుతూ చెప్పింది.

మూడింటిలో ఒకదాన్ని తీసుకుంటామంటే ఆంటీ సంబరపడింది. పరీక్ష పెడతామంటే మాత్రం కళ్లెగరేసింది. పెళ్లిచూపులకు కూడా ఇంత తతంగం ఉండదు బేటా అంది. అయినా ఒప్పుకుంది. కుక్కలకు శిక్షణ ఇచ్చే ఒకావిడ ఢిల్లీ నుంచి వచ్చి పరీక్ష పెట్టేలా మా ఆవిడ మాట్లాడింది. నాకంటే చిన్నదే అయినా అందరూ పిలిచినట్టే మేమూ ఆమెను దీదీ అనే పిలిచాం. రెండు వారాల తర్వాత ఆదివారం ఖాయమైంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా అమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది. మేం తెలుగులో ఏమడిగినా తను హిందీలోనే జవాబిస్తుంది. అప్పుడూ హిందీలోనే అడిగింది. పరీక్షలో తప్పిన కుక్కపిల్లను ఏం చేస్తారట? ఇంటికి తీసుకురాం కదమ్మా, ఇంకెవరైనా తీసుకుంటారేమో అన్నాను. మరి ఏం అడుగుతారో దానికి ముందే తెలియదు కదా, అది ఎలా పాసవుతుంది అంది.

అలాంటి ప్రశ్న నన్ను అడగకూడదు. అడిగితే నేను ఊరుకోను. పరీక్ష అంటే తెలివికి కాదమ్మా, తయారీకి అని మొదలుపెట్టాను. ఏం అడుగుతారో పట్టుకుని, అదే పదిసార్లు చేసి చూసుకుని, పరీక్షనాడు చేతులు వణక్కుండా చెయ్యడమే కిటుకు అన్నాను. ముఖర్జీ నగర్లో ఏ గదిలో దీపం ఎంతదాకా వెలిగేదో, కోచింగ్ లేకుండా వచ్చినవాళ్ల పాట్లేమిటో, అన్నీ ఏకరువు పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి ఇక చాలు అనేదాకా నా ఉపన్యాసం ఆగలేదు. నా కథలు ఇంట్లో ఎవరూ అంత శ్రద్ధగా వినరు. పిల్ల విన్నందుకు పొంగిపోయాను.

ఆదివారం వచ్చింది. కుక్కపిల్లలకు కొత్త చోటు కావాలి కాబట్టి పరీక్ష మా ఫ్లాటులోనే. హాల్లో సోఫాలు గోడకు జరిపాం. మా అమ్మాయి పడగ్గదిలోకి వెళ్లి, తలుపు కాస్త తెరిచి, సందులోంచి చూస్తానంది. దీదీ జీన్సూ కుర్తా వేసుకుని, ఒక స్టీలు పళ్లెం పట్టుకుని వచ్చింది. పరీక్ష జరిగేంతసేపూ ఎవరూ మాట్లాడకూడదని, కుక్కపిల్లతో చూపు కూడా కలపకూడదని చెప్పింది. ఆంటీ ఒక్కోదాన్నీ లిఫ్టులో పైకి తెచ్చి అప్పగించి, ఒక మూల కుర్చీలో కూర్చుంది.

మొదట నల్లది. కింద పెట్టీ పెట్టగానే దీదీ కుర్తా అంచు పళ్లతో పట్టి లాగింది. వెల్లకిలా పడుకోబెడితే పట్టు వదిలించుకోడానికి వేలు కొరికింది. చప్పుడుకు బెదరకపోగా పళ్లెం మీదికే ఉరికింది. దీదీ నవ్వి, మంచి గుండె ధైర్యం గలది, కానీ భయపడే పిల్ల ఉన్న ఇంటికి పనికిరాదు అంది. తర్వాత మచ్చలది. పిలిస్తే తోక ఊపుతూ వచ్చింది. పట్టుకుంటే కాస్త గింజుకుని ఊరుకుంది. పళ్లెం చప్పుడుకు ఉలిక్కిపడి వెనక్కి తగ్గి, వెంటనే తేరుకుని వచ్చి వాసన చూసింది. దీదీ మా వైపు చూసి తల ఊపింది. మా ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఆఖరిది గోధుమరంగుది. మూడింటిలో చిన్నది. దీదీ మోకాళ్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టి, ఆజా ఆజా అని పిలిచింది. అది కదల్లేదు. కూర్చున్న చోటనే కూర్చుని చుట్టూ చూస్తోంది. దీదీ పళ్లెం పడేసింది. మిగతా రెండింటిలా అది ఉలిక్కిపడలేదు, దూకలేదు. గబగబా పళ్లెం దగ్గరకు వెళ్లి, చుట్టూ వెతికి, ఏదో రావాల్సి ఉన్నట్టు దీదీ చేతుల వంక చూస్తూ కూర్చుంది. దీదీ కనుబొమలు ముడిపడ్డాయి. దాన్ని వెల్లకిలా తిప్పబోయి చెయ్యి చాపిందో లేదో, అది తనంతట తానే వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ పైకెత్తి, కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదని దీదీ తనలో తనే అనుకోవడం మాకు వినిపించింది. తర్వాత దీదీ లేచి నడవడం మొదలుపెట్టింది, వెంట వస్తుందేమో చూడటానికి. అది రాలేదు. పడుకునే ఉంది.

అప్పుడు పడగ్గది తలుపు సందులోంచి ఒక గుసగుస వినిపించింది.

"లే. దీదీ ఎనక పో. పో నాన్నా."

కుక్కపిల్ల చటుక్కున లేచి, దీదీ మడమల వెంట బుద్ధిగా నడిచింది.

నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పంజాబీ ఆంటీ సీసాపాలు తాగి పెరిగిన కుక్కపిల్లకు తెలుగు ఎలా వచ్చింది? అంతకంటే వింత, ఆ గుసగుస. మాకు తెలుగులో ఒక్క ముక్క జవాబు చెప్పని పిల్ల నోట్లోంచి అచ్చం మా ఒంగోలు మాట. ఆంటీ మాత్రం పైన ఫ్యానును చూస్తోంది.

కూపీ లాగడానికి ఎంతోసేపు పట్టలేదు. రోజూ హోంవర్కు అయ్యాక కోచింగ్ జరిగిందట. మొదట్లో జాలీ తలుపు ఇవతల నుంచే. మా అమ్మాయి ఆంటీ వంటింట్లోని పళ్లెం తెచ్చి కిందపడేసి, జాలీ సందులోంచి మేరీ బిస్కెట్టు ముక్క పడేసేది. కొన్నాళ్లకు పళ్లెం చప్పుడంటే బిస్కెట్టు వేళ అయిందని ఆ చిన్నదానికి తెలిసిపోయింది. నడవడం కూడా ఇవతల నుంచే నేర్పింది, తను గదిలో నడుస్తుంటే అది బాల్కనీలో నడిచేది. తెలుగు ఎందుకంటే, ఆంటీ దగ్గరకు హోంవర్కుకు వచ్చే మిగతా పిల్లలకు అర్థమైతే వాళ్లూ తమకు నచ్చిన కుక్కపిల్లకు నేర్పేస్తారట. మూడింటిలో ఇదే ఎందుకు నచ్చిందని అడిగితే, ఎప్పుడూ నిద్రపోతూ ఉంటుంది కాబట్టి అంది.

దీదీకి ఇది నవ్వులాట కాలేదు. మొహం గంభీరంగా పెట్టి, ఈ పరీక్ష చెల్లదని చెప్పింది. నేర్పిన పనులు చూసి స్వభావం ఎలా చెప్పను, ఇది లోపల ఎలాంటిదో నాకు తెలియదు, తెలియనిదాన్ని మీ పాప పక్కన పెట్టమని చెప్పలేను అంది. మచ్చలదాన్ని తీసుకెళ్లండి, నిశ్చింతగా ఉంటుందని సలహా ఇచ్చింది. మా ఆవిడ వెంటనే సరే అంది. మా అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నీ చేసింది కదా, పాసయింది కదా అని హిందీలో మొత్తుకుంది.

నాకు ఆ గొడవేదీ సరిగ్గా చెవికెక్కడం లేదు. ఒక్క విషయం దగ్గరే ఆగిపోయాను. పళ్లెం పడెయ్యడం, నడిపించడం జాలీ ఇవతల నుంచి చెయ్యవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టడం ఎలా కుదురుతుంది? అమ్మాయిని దగ్గరకు తీసుకుని అదే అడిగాను.

"జాలీ తలుపు ఎవరు తీశారమ్మా?"

"మైనే." తర్వాత నా మొహం చూసి, తెలుగులోకి మారింది. "నేనే తీశా నాన్నా."

"భయం వెయ్యలేదా?"

"వేసింది. కానీ ఎగ్జామ్ దగ్గరికొచ్చేసింది కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నో ఏళ్లు పరీక్షలకు చదివినవాణ్ని, పరీక్ష దగ్గరపడితే భయాన్ని పక్కన పెట్టి పని చూసుకోవడం నాకే ఎప్పుడూ చేతకాలేదు. పిల్లను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ కూడా ఆ మాట విన్నది. అయినా ఆమె కరగలేదు. ఆమె భయం ఆమెది.

"తలుపు తీసింది మంచిదే, కాదంటలేను," అంది నాతో. "కాని ఒక్కసారి అది నోరు పెట్టిందంటె, పిల్ల మల్ల గడప దాటదు. అప్పుడు ఏం జేస్తం చెప్పు."

చివరికి దీదీయే ఒక దారి చూపింది. వచ్చే ఆదివారం వేరే చోట, వేరే పరీక్ష పెడతానంది. ఏం అడుగుతుందో ముందుగా మాకెవరికీ చెప్పనంది. అందాకా పాప దాని దగ్గరకు వెళ్లకూడదు. పేపరు లీకైతే మళ్లీ పరీక్ష పెట్టడం మాకు కొత్తేమీ కాదు కాబట్టి నేను ఒప్పుకున్నాను. మా అమ్మాయి కూడా తల ఊపింది. ఆ వారమంతా హోంవర్కు మా ఇంట్లోనే చేసుకుంది. ఒక్కసారి కూడా కిందికి వెళ్తానని అడగలేదు. సాయంత్రమైతే బాల్కనీలోకి వెళ్లి, కింది అంతస్తు కనిపించకపోయినా వంగి చూస్తూ నిలబడేది.

రెండో పరీక్ష సొసైటీ క్లబ్‌హౌస్ హాల్లో జరిగింది. పొద్దున పూట ఖాళీగా ఉంది. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా వేసి ఉన్నాయి. దీదీ ఈసారి వెంట ఒక గొడుగు, తాడు కట్టిన ఒక పాత తువ్వాలు తెచ్చింది. తువ్వాలును నేల మీద లాగుతుంటే కుక్కపిల్ల వెనక్కి వెనక్కి నడిచింది. ఆ తర్వాత దీదీ దాని ముందు, కాస్త దూరంలో, గొడుగును టప్పున తెరిచింది.

అది అరవను కూడా లేదు. నేల మీద జారుతూ పడుతూ పరుగెత్తి, కుర్చీల కింద గోడ మూలకు దూరిపోయింది. తోక కడుపు కిందికి పోయింది. ఒళ్లంతా వణుకుతోంది. మచ్చలదైతే ఈపాటికి తేరుకుని వచ్చేసేది. ఇది రాలేదు. దీదీ గొడుగు మూసి కింద పెట్టింది, అయినా రాలేదు. చాలాసేపు చూసి, దీదీ మా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పింది. ఇది పిరికిది. చెడ్డది కాదు, కానీ బెదిరితే తేరుకోవడానికి చాలా టైము పడుతుంది. కోపంతో కరిచే కుక్కలకంటే భయంతో కరిచేవే ఎక్కువ. మూలకు నెట్టినట్టు అనిపిస్తే ఇదీ కరవవచ్చు. ఓపికున్న ఇల్లు కావాలి దీనికి.

మా ఆవిడ ఒక నిట్టూర్పు విడిచింది. నేను అమ్మాయి మొహం చూడలేకపోయాను. వారం రోజులు మాట మీద నిలబడిన పిల్లకు ఇప్పుడేం చెప్పాలి?

పిల్ల ఏడవలేదు. దీదీని ఒక్కటే అడిగింది, నేను వెళ్లొచ్చా అని. దీదీ కాసేపు తటపటాయించి, చెయ్యి లోపల పెట్టకు, కళ్లలోకి చూడకు, పిలవకు, దానంతట అది రావాలి అంది. సరేనని మా అమ్మాయి కుర్చీల దాకా వెళ్లి, కాస్త ఎడంగా, అటు తిరిగి నేల మీద కూర్చుంది. మాట్లాడలేదు. బిస్కెట్టు చూపలేదు. గౌను అంచు సర్దుకుని, మోకాళ్లు దగ్గరకు తీసుకుని కూర్చుంది, అంతే. భయపడ్డవాళ్లను రా రా అని పిలిస్తే ఎలా ఉంటుందో ఇన్నాళ్లలో ఆ పిల్లకు మా అందరికంటే బాగా తెలుసు. లిఫ్టు దగ్గర, పార్కు గేటు దగ్గర, బస్సు దగ్గర మేం తనను అలాగే పిలిచాం. ఏం కాదు రా, ఏం చెయ్యదు రా అని. ఒక్కసారైనా పక్కన కూర్చోలేదు.

బయట ఎవరో తోటమాలి పైపుతో నీళ్లు పడుతున్నాడు. చాలాసేపటికి కుర్చీ కాళ్ల మధ్యలోంచి గోధుమరంగు ముక్కు బయటికొచ్చింది. మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది. నేలకు ఆనుకుని పాకుతూ వచ్చి, మా అమ్మాయి గౌను అంచు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఇంకా వణుకుతూనే ఉంది. మా అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు. అటు తిరిగే ఉంది. నాకు మాత్రం ఒక పక్క నుంచి తన మొహం కనిపిస్తోంది. నవ్వు ఆపుకోడానికి పెదవులు బిగబట్టి ఉంది.

నా కళ్లు తుడుచుకుని మా ఆవిడ వైపు చూశాను. ఆమె చేతులు కట్టుకుని, ఆఫీసు పని చూసేటప్పుడు చూసినట్టు కళ్లు చిన్నవి చేసుకుని చూస్తోంది. దీదీ ఆమెతో నిజాయితీగానే మాట్లాడింది. ఇప్పుడు చూసినదాన్ని బట్టి కుక్కపిల్ల విషయంలో నా మాట మారదు, ఇది పిరికిదే అంది. మా ఆవిడ తల ఊపింది. తర్వాత నాతో అంది:

"తప్పు దొరికిందని మా ఆఫీసుల ప్రోగ్రామును పారెయ్యరు. ఏం తప్పో రాసుకోని, దాన్ని కనిపెట్టుకోని ఉంటరు. దీనికి ఏం భయమో మనకు తెలిసింది. పిల్లకు మనకంటె ఎక్కువ తెలిసినట్టున్నది. తీస్కపోదాం."

పెళ్లయినప్పటి నుంచి ఆమె నోటి వెంట నేను విన్న మాటల్లో అంత ముద్దుగా అనిపించింది ఇంకొకటి లేదు. మచ్చలది పక్క టవర్లో ఒక పెద్దవాళ్ల జంట ఇంటికి చేరింది. నల్లదాన్ని, దాని ధైర్యం చూసి, దీదీ తనే ఉంచుకుంది.

మా ఇంటికి వచ్చింది నిజంగానే పిరికిది. దీదీ చెప్పినదాంట్లో ఒక్కటి కూడా తప్పు కాలేదు. కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందికి పోయేది. కాలింగ్ బెల్లు మోగితే బాత్రూములో తేలేది. ఇస్త్రీ బట్టలు తెచ్చే భయ్యా తలుపు దగ్గర నిలబడితే ఒక రోజు సోఫా వెనక నుంచి పళ్లు కూడా చూపించింది. మాకు గుండె ఆగినంత పనయింది. మా అమ్మాయి మాత్రం భయ్యాను రెండడుగులు వెనక్కి జరగమని, కూర్చోమని, అటు తిరగమని ఆర్డర్లు వేసింది. పాపం ఆయన ఇస్త్రీ మూట ఒళ్లో పెట్టుకుని మా గుమ్మంలో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఇదే తంతు. మా బాసు వచ్చినా గోడ వైపు తిరిగి కూర్చోవాల్సిందే. ఇంట్లో మాత్రం మంచం కింది నుంచి కుక్కపిల్లను బయటికి రప్పించడానికి తెలుగే మాట్లాడాలి, హిందీకి అది కదలదు. కాబట్టి మా అమ్మాయి రోజంతా తెలుగు మాట్లాడుతోంది. ఊరి నుంచి ఫోను చేసినప్పుడు మా అమ్మ ఆ మాటలు విని, పిల్లకు ట్యూషన్ ఎవరు చెబుతున్నారని అడిగింది.

టీకాలన్నీ పూర్తయ్యాక, ఇక కిందికి తిప్పవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ పొద్దున నేనూ అమ్మాయే వెళ్లాం. కుక్కపిల్ల తాడు అమ్మాయి చేతిలో ఉంది. కింది అంతస్తు వరండా దాటి గేటు వైపు వెళ్లే దారిలోకి వచ్చేసరికి, ఎదురుగా కార్ల మధ్యలోంచి రెండు పెద్ద కుక్కలు లేచి నిలబడ్డాయి. ఒకటి గుర్రుమంది. మా కుక్కపిల్ల నేలకు అతుక్కుపోయింది. ఇక అయిపోయింది, పిల్ల ఇప్పుడు కళ్లు మూసుకుని కేక వేస్తుంది, ఇన్నాళ్ల కష్టం గంగలో కలిసింది అనుకున్నాను. వంగి, అమ్మాయి చంకల్లో చేతులు పెట్టి ఎత్తబోయాను.

తను నా చేతులు విడిపించుకుంది. ఒళ్లు వణుకుతోంది, మొహం పాలిపోయి ఉంది. చూపు మాత్రం ఆ పెద్ద కుక్కల మీద కాక, కాళ్ల దగ్గరున్న దాని మీదే ఉంది.

"నన్నెందుకు నాన్నా? దాన్ని ఎత్తుకో. అది భయపడతంది."

నేను కుక్కపిల్లను ఎత్తుకున్నాను. మా అమ్మాయి మాకు ముందుగా, ఆ కుక్కల పక్క నుంచి, మెల్లగా నడుచుకుంటూ గేటు దాకా వెళ్లింది.